నెత్తురు లెక్క

గౌతమికీ వసిష్ఠకూ నడుమ, సముద్రం దాకా పరచుకొన్న మన కోనసీమలో ఏ పనికి బయలుదేరినా ఏదో ఒక నీటిని దాటక తప్పదు. రాజోలు వారు అమలాపురం రావాలంటే వైనతేయను దాటాలి. సఖినేటిపల్లి వారికి నరసాపురం కంటికి ఎదురుగానే ఉన్నా నడుమ వసిష్ఠ ఉన్నది. లంకల వారికి గోదావరి పాయే వీధి గుమ్మం. పెళ్ళికీ, బేరానికీ, చదువుకూ, వ్యాజ్యానికీ అందరూ దాటే ఈ నీళ్ళను కొందరు మాత్రం మరొక పనిమీద, నెలకో మూడు నెలలకో ఒక పర్యాయం, తెల్లవారుతూండగానే లేచి దాటుతుంటారు. వారికి జ్వరం ఉండదు. దెబ్బ తగిలి ఉండదు. చూపులకు మన అందరివలెనే ఉంటారు. మోచేతి మడత దగ్గరి నరం నుంచి ఒకటి రెండు చెంచాల నెత్తురు ఇచ్చి రావడమే వారి పని. ఆ నెత్తురు లెక్క సరిపోతే పాత మందు పాత మోతాదులోనే సాగుతుంది. సరిపోకపోతే మందు తగ్గాలి, మారాలి, లేదా ఆగాలి.

రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే మందులు వాడుతున్నవారి సంగతి ఇది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా భయంతో లోకమంతా తలుపులు మూసుకొన్నప్పుడు, ఆ రెండు చెంచాల నెత్తురు కోసం వారు ఎట్లా తలుపు తీసుకొని బయటికి వెళ్ళవలసి వచ్చిందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. వారిలో నేనూ ఒకణ్ణి గనుక, విన్న సంగతులతోపాటు అనుభవించినవి కూడ కొన్ని చెప్పగలను.

కంచే చేను మేసినప్పుడు

మన శరీరానికి ఒక కావలి ఉన్నది. బయటినుంచి వచ్చే సూక్ష్మజీవిని పట్టి, ఇది మనది కాదని గుర్తించి, మట్టుపెట్టడం దాని పని. రక్తంలోని తెల్ల కణాలు ఈ కావలి బలగంలో ముఖ్యమైనవి. కొందరిలో ఈ బలగం స్వపరభేదం మరచిపోతుంది. కంచే చేను మేసినట్లు తన కీళ్ళనే, తన చర్మాన్నే, తన మూత్రపిండాలనే పరాయివిగా భావించి వాటిమీద పడుతుంది. రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్ ఈ కోవలోని వ్యాధులు. ఇక మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవారి సంగతి వేరు. వారిలో కావలి తప్పు చేయడం లేదు. వచ్చిన అవయవం పరాయిదే. పరాయిదానిని తరమడం కావలికి ధర్మమే. ఆ ధర్మమే వారి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ రెండు తెగల వారికీ వైద్యం ఒకే దారిలో నడుస్తుంది. కావలివాని చేతికర్ర కొంత కాలం, ఒక్కొక్కప్పుడు జీవితాంతం, తీసి పక్కన పెట్టాలి. మెథొట్రెక్సేట్, అజాథియోప్రిన్, మైకోఫినోలేట్, టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ మొదలైన మందులు చేసే పని ఇదే. అయితే కర్ర లాక్కోబోయి కావలివాని చెయ్యే విరిచే ప్రమాదం కూడ ఉన్నది. మందు మోతాదు మించితే తెల్ల కణాలు పుట్టే ఎముకల మజ్జ దెబ్బతింటుంది. కాలేయం నలుగుతుంది. మూత్రపిండాలు మందును వెలికి పంపలేకపోతే అది దేహంలోనే పేరుకొంటుంది. ఈ మూడు నష్టాలూ మొదట్లో ఏ నొప్పీ కనబరచవు. ఆకలి మామూలుగానే ఉంటుంది. నిద్ర మామూలుగానే పడుతుంది. తెలుసుకొనే మార్గం నెత్తురు తీసి లెక్క చూడడమే.

ఆ లెక్కలు ఏమిటో పాఠకులకు స్థూలంగా చెబుతాను. తెల్ల కణాలు ఘన మిల్లీమీటరుకు సాధారణంగా 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి. కాలేయం నలుగుతున్నదీ లేనిదీ చెప్పే అంకెలలో ఒకటి ఎస్.జి.పి.టి.; అది ఇంచుమించు 40 లోపల ఉంటే మనసు నిమ్మళం. మూత్రపిండాల సంగతి క్రియాటినిన్ చెబుతుంది. మెథొట్రెక్సేట్ వంటి మందు మొదలుపెట్టిన కొత్తలో రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, వ్యాధీ మందూ కుదుటపడిన తరువాత మూడు నెలలకు ఒకసారి ఈ లెక్కలు చూస్తారు. టాక్రోలిమస్ వాడేవారికి మరొక నిబంధన ఉన్నది. రాత్రి మోతాదు వేసుకొన్న పన్నెండు గంటలకు, ఉదయపు మోతాదు ఇంకా వేసుకొనకముందే నెత్తురు ఇవ్వాలి. మాత్ర వేసుకొని వెళితే ఆ లెక్క దేనికీ పనికిరాదు. అందుచేత వారు మాత్రను జేబులో పెట్టుకొని ప్రయోగశాలకు వెళ్ళి, సూది తీసిన తరువాతనే దానిని మింగుతారు.

ఈ పరీక్షను చాలామంది మందుకు అనుబంధమైన లాంఛనం అనుకొంటారు. నిజానికి ఇది మందులో సగం. లెక్క చూడకుండా ఈ మందు వాడడమంటే, కళ్ళకు గంతలు కట్టుకొని వరద గోదావరిలో పడవ నడపడమే.

భీమవరంలో పుట్టిన మనిషి

మెథొట్రెక్సేట్ పేరు పరాయిది. అయినా దాని చరిత్ర వసిష్ఠకు ఆవలి గట్టున, మన పొరుగు సీమలోనే మొదలవుతుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకొని, మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తెలుగువారు విన్నదే. ఆయన సోదరులను స్ప్రూ అనే వ్యాధి పొట్టన పెట్టుకొన్నది. జీర్ణశక్తిని హరించి, నెత్తురును విరిచేసే ఆ జబ్బు ఆయననూ పట్టుకొని వదలింది. తరువాత కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం, స్ప్రూ రోగుల నెత్తురును బాగుచేయగల ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల నడుమ కృత్రిమంగా తయారుచేసింది.

అక్కడితో కథ ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. మరి దానికి విరోధిని తయారుచేస్తే, అడ్డూ ఆపూ లేకుండా పెరిగే కణాలను నిలపవచ్చును గదా! ఆ ఆలోచన నుంచి అమినోప్టెరిన్, దాని వెంట మెథొట్రెక్సేట్ పుట్టాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సర్ సోకిన పసిపిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, వ్యాధిని తాత్కాలికంగానైనా లొంగదీయవచ్చునని 1948లో లోకానికి చూపించాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో వాడే మెథొట్రెక్సేట్‌నే చిన్న మోతాదులో, వారానికి ఒకే ఒక్క రోజు కీళ్ళవాతానికి వాడవచ్చునని తరువాత తేలింది. 1988లో అమెరికా ప్రభుత్వం ఆ వాడకాన్ని ఆమోదించింది.

ఈనాడు రాజోలులోగాని కొత్తపేటలోగాని ఒక కీళ్ళవాతపు రోగి వారంలో ఒక రోజు మెథొట్రెక్సేట్, మరొక రోజు ఫోలిక్ ఆమ్లం మింగుతున్నాడంటే, విషమూ విరుగుడూ రెండూ సుబ్బారావుగారి ప్రయోగశాల దారినే వచ్చాయన్నమాట. మరొక విశేషం. ఆయన అమెరికాలో తొలిసారి పేరు తెచ్చుకొన్నది రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి మూలాన. ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనూ వైద్యవిద్యార్థులకు నేటికీ పరిచితం. మందు తయారుచేసిన మనిషి అంతకు ముందే నెత్తురు కొలిచే విద్య నేర్చుకొన్నవాడు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను విశ్వవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. బస్సులు నిలిచిపోయాయి. రేవులలో పంటులు గట్టుకు కట్టుబడ్డాయి. అప్పటికి కోనసీమ ఇంకా వేరు జిల్లా కాలేదు. అమలాపురం ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా 2022 ఏప్రిల్ 4న గాని ఏర్పడలేదు. మనం కలిసి ఉన్న తూర్పు గోదావరి జిల్లాలోనే రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు నమోదయ్యాయి. 2020 ముగిసేనాటికి ఆ సంఖ్య లక్ష దాటింది.

ఆరోగ్యవంతులకు ప్రభుత్వం చెప్పిన మాట సూటిగా ఉన్నది: ఇంట్లో ఉండండి. మావంటి వారికి ఆ మాట సగమే పనికివచ్చింది. బయటికి వెళితే, కర్ర లేని కావలిని నమ్ముకొని జబ్బుమనుషుల నడుమకు వెళ్ళాలి. ఎందుకంటే నెత్తురు పరీక్ష జరిగే చోటికే జ్వరం వచ్చినవారూ, దగ్గు పట్టినవారూ వస్తారు. వెళ్ళకపోతే లోపల మందు ఏమి చేస్తున్నదో తెలియదు. పోనీ, మందే మానివేద్దామా అంటే, వ్యాధి తిరగబెడుతుంది. మార్పిడి చేసిన మూత్రపిండమైతే చేజారిపోతుంది. మీ అంతట మీరు మందు మానవద్దని, కరోనా సోకినట్లు తేలితే అప్పుడు ఏ మందు ఆపాలో మేము చెబుతామని వైద్యులు గట్టిగానే హెచ్చరించారు.

ఇది చాలనట్లు మరొక చిక్కు వచ్చింది. లూపస్, కీళ్ళవాతం ఉన్నవారు ఏళ్ళ తరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాను నివారించగలదన్న ఆశ ఆ మార్చిలో లోకమంతా వ్యాపించింది. వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడవచ్చునని మన దేశంలోనూ సలహా వెలువడింది. వెంటనే జబ్బు లేనివారు సైతం దుకాణాల మీద పడ్డారు. మార్చి 26న కేంద్ర ప్రభుత్వం ఆ మందు అమ్మకాన్ని కట్టుదిట్టం చేయవలసి వచ్చింది. ఆ మందు కరోనాకు పనికిరాదని పెద్ద ప్రయోగాలలో కొద్ది నెలలకే తేలిపోయింది. ఈలోగా నిజంగా అవసరం ఉన్నవారు ఒక్కొక్క అట్టకోసం ఊళ్ళు తిరిగారు.

చీకటిలో ఒక చిన్న దీపం కూడ ఉన్నది. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25వ తేదీనే దేశంలో దూరవైద్యానికి నిబంధనలు వెలువడ్డాయి. వైద్యుడు ఫోనులో రోగిని విచారించి మందు వ్రాయడానికి అవి అధికారమిచ్చాయి. ఏప్రిల్‌లో మన రాష్ట్రం 14410 నంబరుతో టెలిమెడిసిన్ సేవ ప్రారంభించింది. లెక్కలు చాలాకాలంగా నిలకడగా ఉన్నవారికి పరీక్షల నడుమ వ్యవధి కొంత పెంచవచ్చునని కీళ్ళవ్యాధుల నిపుణుల సంఘాలు విదేశాలలో సూచించాయి. నాకు ఏప్రిల్‌లో జరగవలసిన పరీక్షను మా వైద్యుడు ఫోనులోనే విచారించి, పాత కాగితాలు చూసి, మే నెలాఖరుకు జరిపారు. ఎవరికి జరపవచ్చు, ఎవరికి జరపరాదు అన్నది రోగి తేల్చుకోగల విషయం కాదు. ఆ మాట వైద్యుని నోట వినడమే ఆ రోజులలో పెద్ద ధైర్యం.

మేడమీద గది

మే 21న మన రాష్ట్రంలో ఆర్.టి.సి. బస్సులు మళ్ళీ కదిలినా, నేను బస్సు ఎక్కలేదు. మా అబ్బాయి స్కూటరు మీద కూర్చొని, ముక్కూ నోరూ కప్పుకొని, పాశర్లపూడి బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం చేరాను. ప్రయోగశాల మేడమీద ఉన్నది. ఇరుకు మెట్లు, కిటికీ తెరవని గది, ఒకే ఒక బల్ల. నా ముందున్నవారు జ్వరానికి పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవారు. కరోనాకు పూర్వం ఆ బల్లమీద వారి పక్కనే కూర్చొని లోకాభిరామాయణం మాట్లాడి ఉండేవాణ్ణి. ఆ రోజు మెట్ల కిందనే, రోడ్డు పక్కన నీడలో నిలబడి, పిలుపు వచ్చినప్పుడు పైకి వెళ్ళాను.

నెత్తురు తీసే కుర్రవాడు దుప్పటివంటి తెల్ల అంగీలో నిలువునా చెమటతో తడిసి ఉన్నాడు. చేతి తొడుగులు మార్చి, రబ్బరు పట్టీ బిగించి, ఊదా మూత సీసాలో ఒకటి, ఎర్ర మూత సీసాలో ఒకటి నింపాడు. అతనితో నా సంగతి రెండు మాటలలో చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "ఆయ్ మాస్టారూ, ఈ మాటు నుంచి ఆరున్నరకే వచ్చెయ్యండి. తాళం తీసేది నేనేనండి. ఎవరూ రాకముందే మీది తీసేస్తాను" అన్నాడు.

ఆ ఏర్పాటు ఎవరి ఆజ్ఞా కాదు, ఏ పత్రంలోనూ వ్రాసిలేదు. రాత్రంతా ఖాళీగా ఉండి గాలి తేరుకొన్న గదిలోకి ఆ రోజు మొదటి మనిషిగా అడుగుపెట్టడానికీ, ఇరవైమంది దగ్గి వెళ్ళిన తరువాత అడుగుపెట్టడానికీ ఉన్న తేడా నావంటి వానికి ఎంతటిదో అతనికి చదువు నేర్పిందో, జాలి నేర్పిందో నాకు తెలియదు. జూలైలో అతను చెప్పిన వేళకే వెళ్ళి నెత్తురు ఇచ్చి వచ్చాను. ఆ సాయంత్రం ఫోనులో వచ్చిన కాగితంలో ఎస్.జి.పి.టి. 118 ఉన్నది. నాకు ఒంట్లో ఏ బాధా లేదు. ఆ ఉదయమే రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను కూడ. వైద్యుడు రెండు వారాలు మందు ఆపించి, మళ్ళీ నెత్తురు చూసి, ఆరు మాత్రలను నాలుగు చేశారు. సెప్టెంబరు నాటికి అంకె 40 లోపలికి దిగింది. జిల్లాలో కరోనా విజృంభించింది ఆ రెండు నెలలలోనే. భయపడి జూలై పరీక్ష ఎగవేసి ఉంటే, కాలేయం నలుగుతున్న సంగతి నాకు ఎవరు చెప్పేవారు?

వంతెన ఉన్నవారి కథ ఇది. 2020 ఆగస్టు మధ్యలో గోదావరికి పెద్ద వరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు. కోనసీమ లంకలలో దారులు మునిగాయి. జనం పడవలమీద రాకపోకలు సాగించారు. వరదకాలపు పడవలో మనిషికీ మనిషికీ నడుమ దూరం ఉండదు. అటువంటి లంకలో పరీక్ష తేదీ వచ్చిన రోగి ఏ ప్రమాదాన్ని ఎంచుకోవాలి?

దూరమనే మాట

దూరం అనే మాటకు మన సీమలో మంచి చరిత్ర లేదు. మనిషిని తక్కువ చేయడానికి, బావి దగ్గరికి రానీయకుండా ఉండడానికి వాడిన మాట అది. అందుచేతనే కాబోలు, కరోనా నాటి దూరం కొందరికి అవమానంగా తోచింది. జబ్బుపడినవారిని చూడబోవడం, నాలుగు కొబ్బరి బొండాలు పట్టుకువెళ్ళి మంచం పక్కన కూర్చొని పలకరించడం ఇక్కడి మర్యాద. వద్దనేవాణ్ణి గర్విష్ఠి అంటారు. పైకి ఏ జబ్బూ కనిపించనివాడు వద్దంటే మరీ విడ్డూరం. "మీకేమండీ, నిక్షేపంలా ఉన్నారు" అన్న మాట మావంటివారు విన్నన్ని సార్లు మరెవరూ విని ఉండరు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ, అంతర్వేది తిరునాళ్ళకూ వెళ్ళలేకపోయిన సంవత్సరాలు మాకు రెండుతో ఆగలేదు. మనుషులను ఎక్కువ చేసుకొని పాటించే దూరం కూడ ఒకటి ఉన్నదని ఆ రోజులలో మా వీధివారు నేర్చుకొన్నారు. గేటు దగ్గర కూరల సంచీ పెట్టి, కేకవేసి వెళ్ళినవారిని నేను మరచిపోలేను.

శాస్త్రంలో మరొక విచిత్రం జరిగింది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులే కరోనా రోగులలో కొందరిని బ్రతికించాయి. తీవ్రమైన కరోనాలో క్రిమి చేసే హానికి తోడు, కావలి బలగం వెర్రెత్తి చేసే విధ్వంసం ఊపిరితిత్తులను ముంచుతుంది. డెక్సామెథసోన్ అనే చౌక స్టెరాయిడ్, శ్వాసయంత్రం మీద ఉన్న రోగులలో మరణాలను సుమారు మూడో వంతు తగ్గించిందని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020 జూన్ 16న ప్రకటించారు. అదే స్టెరాయిడ్‌ను అవసరం లేనివారికి, మధుమేహం చూడకుండా, లెక్కాపత్రం లేకుండా వాడినచోట 2021 వేసవిలో నల్ల బూజు వ్యాధి ప్రబలడానికి అదీ ఒక కారణమయింది. ఈ జాతి మందులకు లెక్క ఎంత ముఖ్యమో ఆ రెండు వేసవులు దేశానికంతటికీ నేర్పాయి.

రెండో అల మరింత క్రూరమైనది. 2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి మరునాటి ఉదయం 6 గంటల దాకా కర్ఫ్యూ పెట్టారు. జూన్ చివరి పది రోజులు ఇతర జిల్లాలకు సాయంత్రం 6 దాకా వెసులుబాటు ఇచ్చినా, కేసులు తగ్గని తూర్పు గోదావరికి మధ్యాహ్నం 2 గంటలతోనే గడువు ముగిసేది. ఆ వేళలలోనే ప్రయోగశాలలు కిటకిటలాడేవి. ఉదయం ఆరున్నర ఏర్పాటు లేనివారు, లోకమంతా ఒకేసారి వీధినపడ్డ ఆ కొద్ది గంటలలోనే వరుసలో నిలబడవలసి వచ్చింది.

టీకా వచ్చింది. దేశంలో 2021 జనవరి 16న మొదలై, మార్చి 1 నుంచి అరవై దాటినవారికీ, నలభై అయిదు దాటి తీవ్రవ్యాధులున్నవారికీ అందింది. ఆ వ్యాధుల పట్టికలో అవయవ మార్పిడి చేయించుకొన్నవారినీ, రోగనిరోధకతను తగ్గించే మందులు చిరకాలంగా వాడేవారినీ చేర్చడం మంచి పని. కాని టీకా చేసేది కావలివానికి శత్రువు రూపురేఖలు చూపించడమే గదా! కావలివానికి మత్తు ఇచ్చి ఉంటే అతను చూసిందెంత? అమెరికాలో మార్పిడి చేయించుకొన్న 658 మందిని పరీక్షించగా, అక్కడి ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా రెండు మోతాదులు వేసినా 54 శాతం మందిలోనే ప్రతిరక్షకాలు కనిపించాయి. టీకా వేయించుకొన్నవారంతా ముక్కు మీది గుడ్డ తీసివేస్తున్న రోజులలో ఈ రోగులు దానిని ఉంచుకొన్నది ఇందుకే.

సీసా ప్రయాణం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. మేడమీది గదిలో బల్ల మళ్ళీ నిండింది. దగ్గేవారు మళ్ళీ పక్కనే కూర్చొంటున్నారు. మావంటివారి మందు మారలేదు, పరీక్ష మారలేదు, గాలి మారలేదు. ఆ సంవత్సరాలలో అందరూ భయపడ్డారు గనుక మాకు దొరికిన మర్యాద, అందరి భయం తీరగానే పోవడం న్యాయం కాదు. డబ్బు అట్టే అవసరంలేని నాలుగు మాటలు విన్నవించి ముగిస్తాను.

మొదటిది ప్రయోగశాలల వారికి. రోజూ తలుపు తీసిన మొదటి అరగంట ఈ రోగులకు కేటాయించండి. మాత్రకు ముందు నెత్తురు ఇవ్వవలసినవారు వారిలో ఉన్నారు గనుక ఆ వేళ వారికి అన్నివిధాలా తగినది. జ్వరంతో వచ్చినవారికి వేరుగా ఒక కుర్చీ, గదికి తెరిచిన ఒక కిటికీ ఉంటే మరీ మంచిది.

రెండవది వైద్యశాఖ వారికి. మనిషి కన్న సీసా తేలికగా ప్రయాణం చేస్తుంది. పల్లెలోని ఆరోగ్య కేంద్రంలోనే నెత్తురు తీసి, చల్లని పెట్టెలో పెట్టి ఆ పూటే పట్టణానికి పంపితే, లంకనుంచి వృద్ధురాలు పడవ ఎక్కనక్కరలేదు. రాకపోకలు తెగిపోయే వరద రోజులకు ముందే, గర్భిణుల జాబితా తయారుచేసినట్లు, ఈ రోగుల జాబితా కూడ తయారుచేసి పరీక్ష ముందుకు జరపవచ్చును.

మూడవది నాతోటి రోగులకు. మీ లెక్కలన్నీ తేదీలతో ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఫోనులో మాట్లాడే వైద్యునికి ఆ పుస్తకమే మీ నాడి. మెథొట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే అన్న మాట దాని మొదటి పుటలో పెద్ద అక్షరాలతో వ్రాయండి. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారున్నారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకండి.

నాలుగవది ఇరుగుపొరుగులకు. మీ పక్కింటివారు పలకరింపుకు గేటు దగ్గరే నిలబడమంటే నొచ్చుకోకండి. మీకు జలుబు చేసినప్పుడు వారింటికి వెళ్ళడం రెండు రోజులు వాయిదా వేసుకోండి. ప్రయోగశాలలో మీ ముందువరుసలో ఎవరో నిక్షేపంలా కనిపించే మనిషి, మాత్రను జేబులో పెట్టుకొని గోడవైపు తిరిగి నిలబడి ఉంటే, ఆయనను ముందు పోనివ్వండి.